ఏరు

ప్రశ్నపత్రం మాది కాదు.
సముద్రం అవతల, దీవుల దేశాల్లో
అక్కడి పిల్లల కోసం ఎవరో అల్లింది.
అక్కడ మంచిగనే పనిచేసిందట.
గైడు సారు దాన్ని తెలుగు చేయించిండు.
హన్మకొండ జిరాక్సు సెంటర్ల
నూట ఇరవై కాపీలు తీసినంక
ఏడో ప్రశ్న కాడ ఆగి నవ్విండు:
‘బడికి పడవలో వస్తావా?’
మనకు పడవలెక్కడివమ్మా, కొట్టెయ్.
స్కేలు పెట్టి కొట్టేసిన,
నూట ఇరవై సార్లు.

ములుగు దాటినంక బస్సుల సీటు దొరికింది.
తాడ్వాయి అడివిల ఫోను చచ్చింది.
ఏటూరునాగారంల దిగి, ఆటో మారి,
ఆటో పోనికాడ నడిచి
చేరిన బడి ఒక్కటే గది.
ఒకటో తరగతి గోడకు ఆనుకొని,
ఐదో తరగతి గడపల,
మధ్యల మిగతా చదువంతా.

మూడో తరగతి, రోల్ నంబరు తొమ్మిది,
ఈసం ముత్తక్క.
నాలుగు బొమ్మలు ముందట పెట్టిన:
చెట్టు, ఇల్లు, పారే నది, గ్లాసుడు నీళ్లు.
నేను మాట చెప్తా, నువ్వు చూపియ్యాలె.
‘ఏరు.’

తడుముకోలేదు పిల్ల.
అప్పుడే చేతులు కడుక్కొని వచ్చిన తడివేలు
తీస్కపోయి గ్లాసు మీద పెట్టింది.
నా మొఖంల ఏం కనిపించిందో,
ఇంకింత గట్టిగ అదిమింది.

సున్నా రాసిన.
నా రాత మంచిది కాదు గని
ఆ సున్నా మాత్రం చాలా గుండ్రంగ వచ్చింది.

కుర్సం బాలయ్య సారు పిల్లల ముందట ఏమనలేదు.
అన్నాలప్పుడు, గుడ్డు పొట్టు తీసుకుంట
తన పళ్లెంల గుడ్డుకే చెప్తున్నట్టు అన్నడు:
‘మేడం, మా కోయల ఏరంటే నీళ్లే.
తాగేవి, తానం చేసేవి, బొక్కెనల మిగిలినవి,
అన్నీ ఏరే.
పొద్దుగాల ఆ పిల్ల బిందెతోని మోసేది గదే.’

నేను మాట మార్చిన.
జూలైల హాజరు ఇంత తక్కువెందుకు సార్?
రిజిస్టరు తిప్పిండు.
పందొమ్మిది రోజులు తెల్లగున్నయి.
‘వాగు పొంగితే పడవే దిక్కు.
పడవాయన రాకుంటే బడి లేదు.’
సంచిల కాగితాలు బరువెక్కలేదు,
అసొంటివి కథలల్ల అయితయి.
ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసిన.
గీత కింద ఏడో ప్రశ్న
ఇంకా చదవస్తనే ఉన్నది.

గైడు సారు చెడ్డోడు కాదు.
ఓపికగ విన్నడు, చాయ్ తెప్పిచ్చిండు.
‘కీ మారిస్తే పోలిక పోతదమ్మా.
ఆ దీవుల పిల్లల పక్కన
మన పిల్లల్ని ఎట్ల నిలబెడ్తం?’
ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను.
చాయ్ తాగిన.

ఫిబ్రవరిల రెండో విడత.
అదే గది, అవే నాలుగు బొమ్మలు.
రోల్ నంబరు తొమ్మిది లేదు.
ఏడికి పోయిందిరా మీ అక్క?
ముక్కు తుడుచుకుంట తమ్ముడన్నడు,
‘మిర్ప ఏర.’

వాడు తెలుగులనే చెప్పిండు.
ఏరుడంటే ఏందో
ఇంటిల్లిపాదికీ కూలి లెక్కన తెలుసు.
నా కాగితంల ఆ మాటకు గడి లేదు.
రానోళ్లకు తొంభైతొమ్మిది వెయ్యాలె,
వేసిన.

పట్టికల ఇప్పుడు ఆమె వరుస గిట్లుంటది:
పద పరిజ్ఞానం, మొదటి విడత సున్నా,
రెండో విడత తొంభైతొమ్మిది.
కింద చిన్నక్షరాలల్ల మూడు వాక్యాలు రాసిన.
సారు రెండు తీసేసిండు.
మిగిలినది:
‘ఈ పదానికి స్థానికంగా వేరే అర్థం కలదు.’
డాక్టరేటు వచ్చింది.

అసలు కాగితాలు ఐదేండ్లు దాయాలెనట, రూలు.
డిపార్ట్‌మెంటు బీరువాల కింది అరల ఉన్నయి.
తాళంచెవి నా దగ్గరనే ఉంది.
మూడో కట్టల, గ్లాసు బొమ్మ మీద
తడి ఆరి ముడుతపడ్డ చోటొకటి ఉండాలె,
చిన్న వేలంత.
ఇంకా తీసి చూడలే.